ఫోటో కడిగిన నీళ్లు

అనంతపురం ఫోటో స్టూడియోల్లో ఇప్పుడు నీళ్ల తొట్టి కనపడదు. తెల్లటి తెర, గొడుగు లైట్లు, ఒక కంప్యూటరు, దాని పక్కనే ప్రింటరు. కూర్చున్నవాడు లేచి చొక్కా సర్దుకునేలోగా పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి కవర్లో పెట్టి ఇచ్చేస్తున్నారు. ఈమధ్య అలాగే ఒకచోట ఫోటో దిగి బయటికొస్తూ, ఏదో తక్కువైందనిపించి ఆగాను. చీకటి గది తలుపు లేదు. తలుపు మీద ఎర్ర బల్బు లేదు. హైపో వాసన లేదు. గడప పక్కన వరసగా మూతలు పెట్టిన బిందెలు లేవు.

ఆ బిందెలు మోసిన చేతులివి. గడియార స్తంభానికి దగ్గర్లో, మా ఇంటి ముందు వాటాలోనే ఒక స్టూడియో ఉండేది. కొళాయి వచ్చిన రోజు మాకు పట్టిన నీళ్లలో కొన్ని బిందెలు దానికి పోయాలని మా నాయనకూ స్టూడియో ఆయప్పకూ ఒప్పందం. మోసేది పిల్లలం. అందుకు మాకు దక్కిన కూలి, చీకటి గదిలో ఓ మూల నిలబడి చూడనివ్వడం.

ఫిల్ము ఫోటోకు ముఖ్యంగా కావాల్సినవి రెండు. ఒకటి వెలుతురు, అది మా దగ్గర ఎంతైనా దొరుకుతుంది. రెండోది నీళ్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు వాన పడే జిల్లా మాది. వానలేమిలో దేశం మొత్తం మీద జైసల్మేర్ తర్వాత మనమేనని బళ్లో చెప్పేవాళ్లు. అలాంటి చోట నీళ్లతో ముఖాలు తయారుచేసి బతికిన మనుషులు ఉండేవాళ్లు. వాళ్ల పని ఎలా సాగేదో చూసినవాళ్లం కొద్దిమందిమే మిగిలాం.

*

మా వైపు కెమెరా చాలా ముందే వచ్చింది. 1856లో గ్రీన్‌లా అనే ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి హంపిలో ఫోటోలు తీశాడు. గాజు పలకలు కూడా కావు, మైనం పట్టించిన కాగితమే నెగెటివు. అప్పట్లో మా ఊళ్లు బళ్లారి జిల్లా కింద ఉండేవి. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. గ్రీన్‌లా చూపంతా గుళ్లు, మంటపాల మీదే.

ఇరవై ఏళ్లకు ధాత కరువు. 1876 నుంచి 78 దాకా దత్తమండలాలను ఊడ్చిపెట్టింది. అప్పుడు హూపర్ అనే మరో సైనికాధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో, ఎముకల గూళ్లుగా మారిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఫోటో తీసుకుని, తిండి పెట్టకుండా పంపేశాడన్న నింద ఆయన మీద పడింది. ఆ బొమ్మల్లోని మనుషుల పేర్లు మనకు తెలియవు. ఎలా కూర్చోవాలో, ఏం తొడుక్కోవాలో వాళ్లనెవరూ అడగలేదు.

ఆ బొమ్మలు చూసిన తర్వాతే స్టూడియో విలువ నాకు పూర్తిగా తెలిసింది. కరువు సీమ మనిషి తన డబ్బు తాను కట్టి, తల దువ్వుకుని, తనకు నచ్చినట్టు కూర్చుని ఫోటో దిగిన చోటు అది. ఈనాటికీ అనంతపురం అనగానే పత్రికల్లో పడే బొమ్మ బీటలు వారిన నేల, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్న రైతు. అదే రైతు స్టూడియోకి వచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కా జేబులో పెన్ను పెట్టుకున్నాడు.

*

బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజులే స్టూడియోకి సీజను. మండీలో తూకమై, అప్పులవాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చి, పిల్లలకు బట్టలు కొని, ఆ మూటతోనే ఫోటోకి వచ్చేవాళ్లు. పంట పోయిన ఏడు వచ్చేది హాల్ టికెట్ల పిల్లలు, బెంగళూరు కూలికి పోతూ ఇంట్లో ఒక ఫోటో వదిలి పోదామనుకున్న కుర్రవాళ్లు.

లోపల గోడకు ఒక అద్దం, దారంతో కట్టేసిన దువ్వెన, పౌడరు డబ్బా, మేకుకు ఒక నల్ల కోటు. అందరికీ ఆ కోటే. బక్కవాడు తొడిగితే వీపు మీద పిన్నీసులు పెట్టేవాడు ఆయప్ప. లావువాడికి బొత్తాలు పట్టకపోతే చేతులు కట్టుకోమనేవాడు. వెనక గుడ్డ తెర మీద పాలరాతి మెట్లు, కొలను, పైన చందమామ. మాయాబజార్ వచ్చి ఎన్నేళ్లయినా ఆ వెన్నెల మోజు జనానికి తీరలేదు. 1957 నాటి ఆ సినిమాలో వెన్నెల కాయించింది మార్కస్ బార్ట్‌లీ; దర్శకుడు కె.వి.రెడ్డి మా తాడిపత్రి వైపు మనిషి. కాబట్టి ఆ చందమామ మీద మనకు హక్కుందని ఆయప్ప అనేవాడు, నిజంగానే నమ్మి.

కెమెరా ఆయప్ప నాయన కొన్నది, కేరళలోని ఆలెప్పీలో తయారైన వాగీశ్వరి. చెక్క చట్రం, ఇత్తడి బిగింపులు, ముడతల తిత్తి. నల్లగుడ్డలో తల దూర్చి చూస్తే గరుకు గాజు మీద మనిషి తలకిందులుగా కనపడతాడు. బయట పెళ్లిళ్లకు మాత్రం యాషికా, పన్నెండు బొమ్మల 120 రీలు.

"అప్పా, గదవ కొంచెం దించు. నా చేయి తట్టు చూడు. నగొద్దు. ఊపిరి పట్టు."

మూత తీసేవాడు. పెదవులు మాత్రం కదిలేవి, లెక్క బయటికి వినపడేది కాదు. మళ్లీ మూత. పాత ఫోటోల్లో మన తాతలంతా అంత గంభీరంగా ఉండటానికి సగం కారణం ఆ బిగబట్టిన ఊపిరే.

అందరికీ పట్టింపులుండేవి. చేతి గడియారం కనపడాలి, అది పక్కింటివాళ్లదైనా సరే. కొత్త చెప్పులు ఫోటోలో పడాలి. ఆడవాళ్లకు బొట్టు పట్టింపు. పాత ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లకు ఎరుపు ఆనదు. అందుకే వాటిని ఎర్ర బల్బు కింద కడగడానికి వీలయ్యేది, అందుకే కుంకుమబొట్టు కారునలుపుగా పడేది. ఎండకు కమిలిన ఒళ్లు ఉన్నదానికంటే ముదురుగా వచ్చేది. తర్వాత వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును కూడా చూసింది కానీ, దానికోసం ఎర్ర బల్బు సైతం ఆర్పేసి కటిక చీకట్లో తడుముకుంటూ పని చేయాల్సొచ్చింది. ఈ వరసకు అవతలి కొసన ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము ఉంది, కంటికి ఆనని కిరణాలను పట్టేది. దాని మీద వేపాకు తెల్లగా వెలుగుతుంది, ఆకాశం నల్లబడుతుంది, ముఖాలు పాలిపోయి నునుపెక్కుతాయి, ఎర్ర బొట్టు ఉందా లేదా అన్నట్టు తేలిపోతుంది. కొడాక్ తన హెచ్.ఐ.ఇ. ఫిల్మును 2007లో ఆపేసింది. మా స్టూడియోల్లోకి అది వచ్చినట్టు నేను చూడలేదు. మబ్బు లేని మా ఆకాశం కింద, రాళ్ల గుట్టల నడుమ ఒక మనిషిని నిలబెట్టి దానితో తీస్తే ఎలా ఉండేదో చూడాలన్న కోరిక మాత్రం నాకు ఉండిపోయింది.

*

చీకటి గది అంటే మిద్దె మెట్ల కింద అర. అందులో తట్టలు: డెవలపరు, నీళ్లు, హైపో. మెటాల్, హైడ్రోక్వినోన్, సల్ఫైటు, సోడా, చిటికెడు బ్రోమైడు, అన్నీ చిన్న త్రాసులో తూచి ఆయప్పే కలుపుకునేవాడు. కాగితం ఊటీలోని హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ల 'ఇందు', లేదంటే ఆగ్ఫా. తెల్ల కాగితాన్ని తట్టలో ముంచి ఊపుతుంటే ముందు జుట్టు, కనుబొమలు, కంటిపాపలు తేలేవి. తర్వాత ముక్కు పక్క నీడ. బుగ్గ నునుపు అన్నిటికంటే ఆఖరున. ఎన్నిసార్లు చూసినా కళ్లు తిప్పుకోలేకపోయేవాళ్లం.

డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలని పుస్తకంలో ఉంటుంది. మే నెలలో మా ఊరి వేడి 40 దాటుతుంది, కొళాయి నీళ్లే కాలుతుంటాయి. వేడికి ఫిల్ము మీది జిలటిన్ ఉబ్బి, అంచుల దగ్గర లేచి, ముఖంతో సహా జారిపోతుంది. అందుకని ఎండాకాలం రీళ్లు కడిగేది తెల్లవారుజామున. గోతాం చుట్టి తెచ్చిన ఐసు గడ్డను తొట్టిలో వేసి, అందులో డెవలపరు గిన్నె నిలిపేవాడు. ఆ తర్వాత పటిక నీళ్లలో ఒక ముంచు. జిలటిన్‌ను గట్టిపరిచేది మంగలి షాపులో గడ్డానికి రాసే ఆ పటికే.

ఆషాఢ మాసం గాలి ఇంకో పరీక్ష. ఇవాళ రామగిరి గుట్టల మీద గాలిమరలు తిప్పుతున్న గాలే అది. తడి నెగెటివు మీద ఒక్క రేణువు అంటుకున్నా ప్రింటు మీద తెల్ల చుక్క పడుతుంది. సన్నకుంచె పట్టుకుని ఆ చుక్కలన్నీ ఒక్కొక్కటిగా మూయాలి. అందుకని నేల తడిపి, తలుపులు బిగించి, చెక్క బీరువా లోపల క్లిప్పులకు వేలాడదీసేవాడు.

ఇక కడగడం. వెలుతురు తగలని వెండి లవణాన్ని కరిగించి తీసేయడం హైపో పని. పని అయ్యాక ఆ హైపో కూడా కాగితం పీచులోంచి పూర్తిగా పోవాలి. పోకపోతే కొన్నేళ్లకు బొమ్మ పచ్చబడి, గోధుమరంగుకు తిరిగి, వెలిసిపోతుంది. పుస్తకం ప్రకారం పారే నీళ్లలో గంట కడగాలి. మా వీధికి కొళాయి వచ్చేదే రోజు విడిచి రోజు, ఎండాకాలం అదీ లేదు.

ఆయప్ప మూడు తొట్లు వరసగా పెట్టుకున్నాడు. ప్రింట్లు మొదటి తొట్టిలోంచి మూడోదానికి నడుస్తాయి, నీళ్లు మూడోదానిలోంచి మొదటిదానికి ఎదురు నడుస్తాయి. మంచినీళ్లు పోసేది ఆఖరి తొట్టిలోనే. అక్కడ వాడిన నీళ్లు నడిమి తొట్టికి, అక్కణ్నుంచి మొదటిదానికి. మొదటి తొట్టిలో హైపో నిండిన నీళ్లు మాత్రమే పారబోసేది, అవీ చెట్ల మొదళ్లకు దూరంగా. బిందె నీళ్లు మూడు పనులు చేసేవి.

చివర్న పరీక్ష. బావుల్లో వేసే ఊదా మందు, పొటాషియం పర్మాంగనేటు, దాన్ని ఇంకో మందుతో పలచగా కలిపి గాజు గొట్టంలో పోసేవాడు. ప్రింటు మూల పట్టి ఎత్తి, కారే చుక్కలను అందులోకి పట్టేవాడు. ఊదా రంగు విరిగి నారింజకు, పసుపుకు తిరిగిందంటే హైపో ఇంకా ఉన్నట్టు. రంగు అలాగే నిలబడితే కడగడం అయినట్టు. గొట్టాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి చాలాసేపు చూసేవాడు. "నిలబడిందిరా" అన్న మాట కోసం మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం, నిలబడకపోతే ఇంకో బిందె మోయాలి కాబట్టి.

మా జిల్లా ఇళ్లల్లో కొన్ని ఫోటోలు అరవై ఏళ్లకూ నిన్న తీసినట్టు ఉండటం, కొన్ని పదేళ్లకే పచ్చబడటం చూస్తుంటాను. కెమెరాలో తేడా కంటే ఎక్కువగా నీళ్లలో తేడాయే దానికి కారణమని నా నమ్మకం. నీళ్లు లేని నెలలో కడిగిన బొమ్మ ఆ కరువును తన ఒంటి మీద మోస్తూ ఉంటుంది.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, నెగెటివు ఆరాక తెల్ల మరకలు తేలతాయి. అందుకని ఆఖరి ముంచు వాన నీళ్లలో. వాన పడిన రోజు మిద్దె మీద పట్టి, వడగట్టి, జాడీల్లో దాచేవాడు. ఆ జాడీలు మేం ముట్టుకోకూడదు. ఇంత అయ్యాక తడి ప్రింటును మెరుపు పలకకు బోర్లా అతికించి, రబ్బరు రోలరుతో నొక్కి ఎండలో పెట్టేవాడు. ఆరిన ప్రింటు దానంతటదే టక్కుమని ఊడేది. సీజను మధ్యాహ్నాల్లో మిద్దె మీద ఆ టక్కుటక్కులే, గాలికి ఎగిరిపోకుండా ఏరుకోవడానికి మా పరుగులే.

*

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది రీటచింగు. కిటికీ దగ్గర ఏటవాలు బల్ల, దాని మధ్యలో గరుకు గాజు, కింద వెలుతురును పైకి తిప్పే అద్దం. గాజు మీద నెగెటివు. పెన్సిలు ములికిని ఎమెరీ కాగితం మీద సూదిలా అయ్యేదాకా అరగదీసేవాడు. నెగెటివు మీద పెన్సిలు పట్టడానికి ముందు ఒక జిగురు మందు తుడిచేవాడు. ముఖం మీది ముడత నెగెటివులో పలచటి గీతగా ఉంటుంది. దాన్ని పెన్సిలు చుక్కలతో నింపితే ప్రింటులో ముడత తగ్గుతుంది. గీత గీయకూడదు, గీస్తే పెద్దది చేసినప్పుడు బయటపడుతుంది. చిన్న చిన్న సున్నలు, కామాలు. ముఖం మొత్తం అగ్గిపెట్టె కంటే చిన్నది.

అప్పటి పెద్దవాళ్లలో చాలామంది ముఖాల మీద అమ్మవారు పోసిన మచ్చలుండేవి. పెళ్లి చూపులకు పంపే ఫోటోలో ఆ మచ్చలు ఎంత తగ్గించాలన్నది ఆయప్పకు పెద్ద ధర్మసంకటం. పూర్తిగా తీసేస్తే అవతలివాళ్లను మోసం చేసినట్టు, ఉంచేస్తే ఈ పిల్లకు అన్యాయం. "సగం తీస్తా అక్కా, మిగతా సగం వాళ్లు వచ్చి చూసుకోనీ" అని ఒక తల్లితో అనడం విన్నాను. ఇవాళ ఫోనులో ఒక్క వేలితో ముఖం నునుపు చేసుకునేవాళ్లను నేను తప్పు పట్టను. కానీ ఒక ముఖాన్ని గంటలకొద్దీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసినవాడికి ఆ మనిషి పట్ల పుట్టే బాధ్యత వేరు. అది పోయినందుకు నాకు దిగులుగా ఉంది.

కొందరు సెపియా అడిగేవాళ్లు. ప్రింటును బ్లీచులో వెలిసిపోనిచ్చి, సల్ఫైడు నీళ్లలో వేస్తే గోధుమ వన్నెలో తిరిగొచ్చేది. కుళ్లిన గుడ్ల వాసనకు వీధి మొత్తం ముక్కు మూసుకునేది. దానికి నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి కాబట్టి ధరా ఎక్కువే, మన్నికా ఎక్కువే. ఇంకొందరికి రంగులు దిద్దాలి: బుగ్గలకు లేత గులాబి, చీరకు అడిగిన రంగు.

చావు కబురు వస్తే మాత్రం ఆయప్ప భోజనం మధ్యలోనైనా లేచి వెళ్లేవాడు. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని ముసలివాళ్లను చివరిసారి గోడకు ఆనించి కూర్చోబెట్టి, చుట్టూ బిడ్డల్ని నిలబెట్టి తీయాలి. ఆ ఫోటోల్లో మూసిన కళ్లను ప్రింటు మీద కుంచెతో తెరిపించమని అడిగేవాళ్లు. పాత గ్రూపు ఫోటోలో వెనక వరసలో గోరంత ఉన్న తలను పెద్దది చేసి, కింద కోటు గీసి, పటం కట్టించుకునేవాళ్లు. మా ఊళ్లో గోడల మీదున్న దొరబాబుల్లాంటి తాతల్లో చాలామంది జన్మలో కోటు తొడగలేదు.

*

రెసిన్ పూత కాగితం వచ్చినప్పుడు ఆయప్ప సంతోషించాడు. గంట కడగాల్సిన ప్రింటు నాలుగైదు నిమిషాల్లో శుభ్రపడేది. మా బిందెలు తగ్గాయి. ఆ తర్వాత కలర్ ల్యాబులు; రీళ్లు బస్సులో పోయి ఆల్బములై తిరిగొచ్చేవి, చీకటి గదిలో సామాన్లు పేరుకున్నాయి. 1993లో ఓటరు కార్డుకు ఫోటో కావాలన్నారు. 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది, జాబ్ కార్డు మీద కుటుంబం ఫోటో అతికించారు. అంతలోనే డిజిటల్ కెమెరాలు, వాటి వెనకే ఫోన్లు. ఊటీ ఫ్యాక్టరీ కూడా మూతపడింది.

పోయిందంతా బంగారమని నేననను. మా అవ్వకు మిగిలిన ఒకే ఒక్క ఫోటో ఓటరు కార్డు మీదిది. స్టూడియో ఇంటి ముందే ఉన్నా, "నా మొగం ఎవురు చూస్తారు నాయనా" అంటూ ఏనాడూ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు మా పల్లెల్లో ఏ అవ్వకూ ఆ లోటు లేదు, మనవరాలి ఫోనులో నవ్వుతూ ఉంది. కూలికి వెళ్లిన కొడుకు ముఖం రోజూ చూస్తోంది. డెవలపరుకు నల్లబడిన ఆయప్ప గోళ్లు, పగిలిన వేళ్లు నాకు గుర్తున్నాయి. ఆ మందుల్లో ఇంకెవరి చేతులూ నానక్కర్లేదు. తాగడానికే నీళ్లు లేని ఊళ్లో ఫోటోకి నీళ్లు పోయక్కర్లేదు. ఈ లాభాలు చిన్నవి కావు. ఫోను పాడైతే అందులోని వేల బొమ్మలు ఒకేసారి పోవడమే నన్ను భయపెడుతుంది. సరిగ్గా కడిగిన బ్రోమైడు ప్రింటు ట్రంకు పెట్టె అడుగున ఎవరూ పట్టించుకోకపోయినా బతుకుతుంది.

పాత పద్ధతుల మీద యువతలో కొందరికి మళ్లీ మనసు పోతోంది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సైనోటైపు మా నేలకు బాగా సరిపోతుంది. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద నెగెటివు పెట్టి ఎండలో ఉంచితే చాలు, చీకటి గది అక్కర్లేదు, హైపో అక్కర్లేదు, కడగడానికి ఒట్టి నీళ్లు. మా బోరు నీళ్లతో కడిగితే నీలం వెలుస్తుంది కాబట్టి అందులో కాస్త నిమ్మకాయ పిండుకోవాలి.

ఆయప్ప నెగెటివులు ఏమయ్యాయంటే, వెండి తీసేవాళ్లు వచ్చి కిలోల లెక్కన కొనుక్కుపోయారు. వాడేసిన హైపోను కూడా అలాగే కొనేవాళ్లు ఉండేవారు. డబ్బాల్లో వరసగా పేర్చిన మూడు తరాల ఊరు అలా కరిగిపోయింది. ఆయనను తప్పు పట్టే హక్కు నాకు లేదు, అద్దె బాకీ ఉన్న రోజులవి. ఇళ్లల్లో మిగిలినవైనా దక్కించుకోవాలి. మీ ఇంట్లో పాత నెగెటివులుంటే ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి కాగితం కవర్లలో పెట్టండి, రేకుల కప్పు కింద అటక మీద ఉంచకండి. ప్రింట్లను పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఎవరు ఎవరో ఈ వేసవి సెలవుల్లోనే అడగండి. ప్రతి బొమ్మ వెనకా పేరు, ఊరు రాయండి. మెత్తటి పెన్సిలుతో, అంచు పక్కగా రాయాలి. బాల్‌పెన్ను ఒత్తిడికి ముఖం మీద గీత పడుతుంది.